నలభై ఒకటో ఇంటి గడప

గోడల పుస్తకం, గవ్వలపేట
రాస్తున్నది: గోడల మనిషి నూకరత్నం

నమోదు 402. పరీక్షకు 71 రోజులు.

ఉదయం ఒకటి నుంచి ఇరవై దాకా ఇళ్ళకు గంజి పోశాను. మనుషులు తాగే గంజి కాదు. చెరుకు మడ్డి, గవ్వల పొడి, మరుగుదొడ్ల దగ్గర కుండల్లో పట్టిన మూత్రం, ఈ మూడూ నీళ్ళలో కలిపితే అది గోడకు గంజి. గోడలో ఉన్న జీవం దాన్ని తిని ఇసుక రేణువుల మధ్య సున్నం కడుతుంది. మా ఊరి గోడలు కట్టినవి కావు, పెంచినవి. తీరం బోర్డు వాళ్ళు దీనికి నోరు తిరగని పేరేదో పెట్టారు. మేం పెంపుడు గోడలు అంటాం. ఊరివాళ్ళ ఉచ్చతో ఊరికి గోడలా అని మొదట్లో నవ్వినవాళ్ళే ఇప్పుడు కుండ నిండకపోతే పక్కింటివాళ్ళను నిలదీస్తున్నారు.

పదహారో ఇల్లు సింహాద్రమ్మ పిన్నిది. ఆమె గుమ్మం పక్కన కర్రసుత్తితో కొడితే చప్పుడు మారింది. మంచి గోడ కంగుమంటుంది. ఇది తడిసిన కుండలా బొదబొదమంది. రెండుసార్లు కొట్టాను. గడప దగ్గర ఇంకా మెత్తగా ఉంది. మా ఇళ్ళకు చెక్క గడపలు లేవు. ఉప్పెన తర్వాత పదిహేనేళ్ళ దాకా ఈ తీరంలో చెట్టు మీద గొడ్డలి పడకూడదని నియమం, కాబట్టి గడప కూడా గోడతోపాటే అచ్చులో పోసి పెంచాం.

"ఏటే రత్నం, నా ఇంటిని అలా కొడతన్నావు?" అని సింహాద్రమ్మ పిన్ని అడిగింది. ఏం లేదు పిన్నీ అన్నాను. ఉంది, కానీ ఏమిటో తెలియకుండా చెప్పడం నాకు ఇష్టం లేదు.

మధ్యాహ్నం మంగళవారం పడవ వచ్చింది. రోడ్డు ఇప్పటికీ నీళ్ళ కిందే ఉంది కనుక వారానికి ఒకసారి వచ్చే ఈ పడవే మాకు బజారు. బియ్యం, పప్పు, ఉప్పు లేని మట్టి రెండు బస్తాలు, నెలవారీ పసుపు మనిషికొక పొట్లం. ఉప్పు పట్టిన మా నేలలో పసుపు పండదు, మెట్ట నుంచి రావాలి. మా ఇంటికి రెండు పొట్లాలు, అమ్మకొకటి, నాకొకటి. అమ్మే తెచ్చుకుంది.

నమోదు 409. పరీక్షకు 64 రోజులు.

పదహారు ఒక్కటే కాదు, ఇప్పుడు తొమ్మిది ఇళ్ళు. అన్నింటికీ ఒకే చోట, గడపలోను, దాని పక్క గోడలోను.

పరీక్ష సంగతి రాసి పెడతాను, తర్వాత చదివేవాళ్ళకు తెలియాలి. బోర్డు నుంచి ఇంజినీరు వచ్చి, మనిషెత్తు నీళ్ళ సంచిని ఒక్కో గుమ్మానికి ఆనించి ఆరు గంటలు ఉంచుతారు. ఎనభై నాలుగు ఇళ్ళలో పది దాకా చిట్లినా ఊరు ఉంటుంది. పదకొండోది చిట్లితే అందర్నీ మెట్ట కాలనీకి తరలించి, ఈ నేలను మడ అడవికి వదిలేస్తారు. మెట్ట కాలనీ నేను చూశాను. తొమ్మిది అంతస్తులు. అక్కడ మా కులపోళ్ళు కిటికీలో కూర్చుని వలలు అల్లుతున్నారు, దేనికో వాళ్ళకే తెలియదు. నేను అక్కడికి పోను. పొమ్మంటే నన్ను మోసుకుపోవాలి.

వేలెడంత గొట్టం దించి పదహారో ఇంటి గడపలో నమూనా తీశాను. పైన బాగానే ఉంది. రెండంగుళాల లోతులో ఎర్రటి చార, పొడి పొడిగా రాలిపోతోంది. తుప్పు రంగు కాదు, అంతకంటే చిక్కని ఎరుపు.

కమిటీ పెద్ద బుల్లబ్బాయి గారు అరచేతిలో పోసుకుని చూశారు. ఒకప్పుడు పడవ ఇంజన్లు బాగుచేసిన మనిషి కాబట్టి ఏ వస్తువునైనా ముందు వాసన చూస్తారు.

"తెగులంటావా అమ్మా?"

"తెగులే అనుకుంటున్నానండి. పేరు తెలీదు."

"పేరు తెలీపోతే మందెలాగ ఏత్తాం?"

నమూనా బోర్డు ప్రయోగశాలకు పడవలో పంపించాను.

సాయంత్రం నలభై ఒకటో ఇంటి గోడకు పెరటివైపు ఉన్న గంజి గొట్టంలో గంజి పోశాను. అది తాళం వేసిన ఇల్లు. మా తమ్ముడు లోవరాజుది. ఉప్పెన రోజున వాడు, పెళ్ళాం శిరీష, కూతురు హంసిక శిబిరానికి పోయే ట్రాక్టరెక్కారు. ట్రాక్టరు దొరికింది. వాళ్ళు దొరకలేదు. మూడేళ్ళయింది. కొత్త ఊళ్ళో వాళ్ళ పేరున ఇల్లు కావాలని అమ్మ పట్టుబట్టి రాయించుకుంది. పేర్లు ఇప్పటికీ తప్పిపోయినవాళ్ళ జాబితాలోనే ఉన్నాయి. తాళంచెవి అమ్మ మెడలో నల్లతాడుకు ఉంటుంది. ఆ ఇంటి ముందువైపుకు నేను వెళ్ళను. పెరట్లోంచి గంజి పోసి వచ్చేస్తాను.

నమోదు 416. పరీక్షకు 57 రోజులు.

ప్రయోగశాల జవాబు వచ్చింది. ఇనుమును తినే సూక్ష్మజీవి కావచ్చట. నిర్ధారణకు ఆరు నెలలు పడుతుందట. ఈలోగా మూత్రం మోతాదు రెట్టింపు చేయమన్నారు. ఆరు నెలల తర్వాత ఆ జవాబుతో నేను ఏ గోడ కడిగేది?

రెట్టింపు చేశాను.

నమోదు 419. పరీక్షకు 54 రోజులు.

ఊరు కంపు కొట్టింది, గోడలు మారలేదు. మెత్తబడినవి పంతొమ్మిది. మోతాదు మళ్ళీ తగ్గించాను.

కుళాయి దగ్గర సింహాద్రమ్మ పిన్ని అందరి ముందూ అనేసింది. "నీ ఇంటికి మాత్రం మంచి జీవం పోసుకున్నావే. మాకు అడుగూబొడుగూ పోసేవు."

నాకు ఒళ్ళు మండింది. అందరికీ ఒకే తొట్టెలోంచి పోశానని ఎన్నిసార్లు చెప్పినా, మా గోడ కంగుమంటోంది, ఆమె గోడ బొదబొదమంటోంది. చేతిలో రుజువు ఆమెకే ఉంది. అన్నింటి కంటే బాగున్నవి మా ఇల్లు, ప్రకాశరావు పాస్టరు గారి ఇల్లు, టైలరు మస్తాన్ ఇల్లు, ఇంకా నాగేసు ఇల్లు. ఈ నాగేసు పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. వాడి గుమ్మం చూస్తే పంది కూడా ఒక నిమిషం ఆలోచించుకుని లోపలికి పోతుంది. చేరిన రోజు నుంచి చీపురు తగల్లేదు. ఆ గోడ మాత్రం గంటలా మోగుతోంది.

ఇంటి మీద శ్రద్ధ ఉన్నవాళ్ళ గోడలే పోతున్నాయి, శ్రద్ధ లేనివాడి గోడ నిలిచింది. ఇది న్యాయంగా లేదని రాసుకుని పడుకుంటున్నాను.

నమోదు 421. పరీక్షకు 52 రోజులు. ఆదివారం.

ఈ రోజు జరిగింది వరసగా రాస్తాను.

సింహాద్రమ్మ పిన్ని తన ఇంటికి దిష్టి తగిలిందని తేల్చుకుంది. నన్ను చూసి కూడా మానలేదు, నేనే ఆ దిష్టి అయినట్టు ఇంకాస్త గట్టిగా గొణుక్కుంది. పళ్ళెంలో నీళ్ళు పోసి, పసుపు వేసి కలిపింది. నీళ్ళు పచ్చగా ఉన్నాయి. తర్వాత గోరంత సున్నం వేసింది. నీళ్ళు ఎర్రబడ్డాయి.

ఎర్రనీళ్ళు అలాగే చేస్తారు. నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. జ్వరం తగ్గాక నాకూ తీశారు, నా తమ్ముడి పెళ్ళికీ తీశారు. పసుపుకి సున్నం తగిలితే ఎర్రబడుతుందని తెలియని ఆడది ఈ జిల్లాలో లేదు. అయినా పన్నెండు రోజులుగా ఆ ఎరుపును గొట్టంలో పెట్టుకుని, ఇనుమని, తెగులని, ప్రయోగశాల అని తిరిగాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

"పిన్నీ, గడపకి పసుపు ఎన్నిరోజులకోసారి రాస్తావు?"

"రోజూ రాత్తాను. ఎందుకు రాయను? ఏడుగురం, ఏడు పొట్లాలొత్తాయి. కూరలో తగ్గించుకుని గడపకే పెడతాను. ఇల్లు బతికున్నాదని నువ్వే గదా సెప్పేవు. బతికున్నదానికి పూజ సెయ్యొద్దా?"

నేనే చెప్పాను. గోడలో జీవం ఉంది, జాగ్రత్తగా చూసుకోండి అని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది నేనే.

పుండు మీద పసుపు ఎందుకు వేస్తాం? చీము పట్టించే పురుగు చస్తుందని. మరి గోడలో ఉన్నదీ పురుగే కదా. రోజూ తడి గుడ్డతో తుడవడం, రోజూ పసుపు. గాలి తగిలే పైపొర మీద అది పచ్చగానే ఉంటుంది. సున్నపు తడిలోకి దిగేకొద్దీ ఎర్రబడుతూ, జీవాన్ని చంపుతూ లోపలికి పోతుంది. సింహాద్రమ్మ పిన్ని తన ఇంటిని భక్తితో చంపుకుంటోంది.

ఆమెకు అప్పుడే చెప్పలేదు. ముందు లెక్క చూసుకోవాలి.

నమోదు 422. పరీక్షకు 51 రోజులు.

ఎనభై నాలుగు గడపల్లోనూ నమూనాలు తీశాను. చేతులు బొబ్బలెక్కాయి. రోజూ పసుపు రాసే ఇళ్ళు ఇరవై రెండు, ఇరవై రెండింటిలోనూ ఎరుపు. శుక్రవారం మాత్రమే రాసే ఇళ్ళలో లేత చార, గోడ గట్టిగానే ఉంది. పాస్టరు గారికి, మస్తాన్‌కు, నాగేసుకు చారే లేదు. మా ఇంటికీ లేదు. కొత్త ఇంటికి వచ్చినప్పటి నుంచి అమ్మ మా గడపకు పసుపు రాయలేదు. కొడుకు పోయిన దిగులు, దేని మీదా మనసు లేదు అనుకుని నేనూ అడగలేదు.

అంతా సరిపోయింది, ఒక్కటి తప్ప. నలభై ఒకటి.

తప్పక ముందువైపుకు వెళ్ళాను. తలుపుకు తాళం ఉంది. గడప బోసిగా ఉంది, పసుపు మరక కూడా లేదు. నమూనా తీస్తే అన్ని ఇళ్ళ కంటే చిక్కటి ఎరుపు. మనుషులే లేని ఇంట్లో.

రాయకుండా ఊరుకుందామనిపించింది. రాశాను. ఇది గోడల పుస్తకం, నా పరువు పుస్తకం కాదు.

నమోదు 424. పరీక్షకు 49 రోజులు.

కమిటీ ముందు చెప్పాను. గోడలాగే పెంచి, మూడు రోజులుగా పసుపు నీళ్ళు పోసిన నమూనా ఇటుకను బల్ల మీద పెట్టి వేలితో నొక్కాను, గుంట పడింది. బుల్లబ్బాయి గారు వాసన చూసి, "పసుపే" అన్నారు. అక్కడితో అయిపోతుందనుకున్నాను.

సింహాద్రమ్మ పిన్ని లేచింది. "మరి నలభై ఒకటో ఇల్లో? తాళవేసిన ఇంటికి పసుపు ఎవరు రాసేరు? దెయ్యాలొచ్చి రాసేయా?"

వెనక ఎవరో నవ్వారు. ఇంకెవరో, తన పనిలో తప్పు కప్పిపుచ్చుకోడానికి దేవుడి పసుపు మీద పెడుతోందన్నారు. గోడల పని వేరేవాళ్ళకు ఇవ్వాలా అన్నది శనివారం తేలుస్తామన్నారు. పసుపు ఆపే మాట ఎవరూ ఎత్తలేదు. రోజురోజుకూ గోడలు మెత్తబడుతున్నాయి.

అన్నం దగ్గర అమ్మకు చెప్పాను, నలభై ఒకటి కూడా పోయిందని. అమ్మ కలుపుతున్న చెయ్యి ఆపింది. ఆకలి లేదని లేచిపోయింది. అనవసరంగా తమ్ముడి ఇంటి మాట ఎత్తానే అనుకున్నాను.

నమోదు 426. పరీక్షకు 47 రోజులు. శుక్రవారం.

తెల్లవారుతుండగా లేచి చూస్తే అమ్మ పక్క ఖాళీగా ఉంది. ఎందుకో తిన్నగా నలభై ఒకటికే వెళ్ళాను. తాళం తీసి ఉంది. తలుపు ఓరగా ఉంది.

అమ్మ లోపల గడప దగ్గర బాసింపట్టు వేసుకుని కూర్చుంది. తలుపు వేస్తే బయటికి కనపడని లోపలి సగాన్ని తడిగుడ్డతో తుడుస్తోంది. పక్కన పసుపు గిన్నె. ఆ లోపలి సగమంతా పచ్చగా, అట్టలు కట్టి ఉంది.

"అమ్మా."

ఉలిక్కిపడలేదు. "రాయలేదే ఈయాల" అంది. "తుడిసేసి ఎల్లిపోదారని ఒచ్చేను. పోతల్లేదు."

"లోపలెందుకు రాశావు?"

"బయట రాత్తే ఊరు నవ్వుద్ది. సచ్చినోళ్ళింటికి సోకులనీసి." కాసేపు తుడిచింది. "తలుపు తీసుకుని ఒచ్చిన కాలికి పసుపు తగలాలి గదే. తగలాపోతే, మనకోసం ఎవరూ సూళ్ళేదనుకోరా?"

నేను అడగకూడనిది అడిగాను. "మరి మన గడపకి ఒక్క రోజైనా రాయలేదేం?"

"మనం ఉన్నాం గదే" అంది అమ్మ.

నా పొట్లం కూడా ఇక్కడికే వచ్చింది. ఏడాదిగా మా ఇంట్లో చేపల పులుసు వెలవెలబోతూ ఉండటానికి కారణం ఇదీ. బతికి ఉన్న కూతురికి కూరలోకి లేదు, లేని కొడుక్కి గడప నిండా ఉంది. నాకు కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, ఏది ముందు వచ్చిందో చెప్పలేను. నేను కూడా కూర్చుని ఇంకో గుడ్డతో తుడిచాను. పసుపు పోలేదు. గడప మాత్రం పొడై గుడ్డకు అంటుకుంది.

కమిటీలో చెప్పమని నేను అమ్మను అడగలేదు. అడిగే ధైర్యం లేదు.

నమోదు 427. పరీక్షకు 46 రోజులు.

శనివారం కమిటీకి నా వెనకే అమ్మ వచ్చింది. పిలవకుండానే ముందుకెళ్ళి నిలబడింది.

"నలభై ఒకటో ఇంటికి నేనే రాసేను. రోజూ, నా సేత్తో. దెయ్యాలు కాదు. నా పిల్ల అబద్దం ఆడలేదు."

ఎవరూ నవ్వలేదు. ఇక్కడ ఉప్పెనలో ఒక్కరూ పోని ఇల్లు లేదు. సింహాద్రమ్మ పిన్ని తల దించుకుంది. ఆమె గడప మీద రోజూ పెట్టే రెండు కుంకం బొట్లు ఎవరి పేరనో ఊరందరికీ తెలుసు.

పసుపు ఆపాలని బుల్లబ్బాయి గారు అనగానే మళ్ళీ గొడవ మొదలైంది. సింహాద్రమ్మ పిన్నే అంది, ఈసారి మెల్లగా. "పసుపు లేని గడప దాటి సముద్రం మీదకెళ్ళిన మగోడు తిరిగొత్తాడా రత్నం? నువ్వు సెప్పింది నిజవే. నా సెయ్యి ఆగదు."

దానికి నా దగ్గర మందు లేదు. శాస్త్రం చెప్పగలను, చేతిని ఆపలేను.

అమ్మ అంది, "పడవకీ రాత్తాం గదా పసుపు. ఏ పడవన్నా సచ్చిందేటి? సెక్కకి రాయండి, గోడకి రాయకండి."

"సెక్కేదమ్మా మసేనమ్మా, సెట్టు కొట్టకూడదు" అన్నారు బుల్లబ్బాయి గారు అమ్మతో.

"దిబ్బ మీద ఇరిగిపోయిన పడవలున్నాయి గదా. కొట్టేసిన సెట్లే గదా అయి."

ఉప్పెన ఎత్తి పడేసిన ఆ పదకొండు పడవల వైపు మూడేళ్ళుగా ఎవరూ వెళ్ళలేదు. బుల్లబ్బాయి గారు లేచారు. "సోమవారం రంపాలు తీసుకురండి" అన్నారు.

మొదట్లోనే ఇంటికొక చెక్క గడప అడిగి ఉంటే సరిపోయేది. అచ్చులు గీసినవాళ్ళు కలప మిగిలిందనుకున్నారు. గడప మీద మా ఆడవాళ్ళు రోజూ ఏం చేస్తారో వాళ్ళు అడగలేదు, మేం చెప్పలేదు.

నమోదు 440. పరీక్షకు 33 రోజులు.

గడప పైన రెండంగుళాలు చెక్కి, ఎర్రబారినదంతా గీకేసి, గుగ్గిలం పూసి, దాని మీద పడవ పలక బిగించాలి. అరవై ఒక్క ఇళ్ళు అయ్యాయి. గుగ్గిలం ఉంటే కిందికి పసుపు దిగదు. కొన్ని పలకల మీద పాత రంగులు, పడవ పేర్లలో సగం అక్షరాలు ఉన్నాయి. వాటిని గీకొద్దని ఆడవాళ్ళు చెప్పారు. ఎవరి పలక ఎవరి ఇంటికి పోవాలన్న దాని మీద రెండు పోట్లాటలు. ఒకటి నేను తీర్చాను, ఒకటి వాళ్ళే తీర్చుకున్నారు.

గోడలు తేరుకుంటున్నాయి. పరీక్ష దాకా ఎవరి ఇంటి గంజి వాళ్ళే రోజూ పోస్తున్నారు. ఏడో ఇల్లు నిన్నటికి కంగుమంది. సింహాద్రమ్మ పిన్ని నా ఇంటికి వచ్చి ఒక పొట్లం పసుపు బల్ల మీద పెట్టి వెళ్ళింది. సాయంత్రం పులుసులో వేశాను. ఏడాది తర్వాత పులుసు పులుసులా ఉంది.

నమోదు 452. పరీక్షకు 21 రోజులు.

బోర్డు ఇంజినీరు ఫర్జానా గారు ముందస్తుగా చూడటానికి వచ్చారు. మాట తక్కువ, చెవి మంచిది. గోడకు చెవి ఆనించి వింటారు. నాకు ఆమె నచ్చింది.

ఊరంతా తిరిగాక చెప్పారు. "ఇవాళే పెడితే పదకొండు పోతాయి."

పది కాదు, పదకొండు. అన్నింటి కంటే అధ్వానం నలభై ఒకటి.

"మిగతా పదీ ఇక కష్టం. మీరేం చేసినా ఇరవై రోజుల్లో లేవవు. నలభై ఒకటిలో మాత్రం బయటి ముఖం కోలుకుంది. లోపలి ముఖమే ఎండిపోయింది. ఇంట్లో పొయ్యి వెలగాలి, తడి ఆవిరి తిరగాలి, మనుషులు ఊపిరి పీల్చాలి. అప్పుడు జీవం నిద్ర లేస్తుంది. అక్కడ ఎవరూ ఉండట్లేదా?"

"లేదు మేడం."

"ఉంటే నిలబడుతుంది" అన్నారు.

ఇంటికి వచ్చి అమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మనిద్దరం వెళ్ళి ఇరవై రోజులు ఉందాం, మన ఇల్లు గట్టిదే, దానికేం కాదు అన్నాను.

"నేనెల్తే పొయ్యెలిగించను" అంది అమ్మ. "ఆళ్ళ ఇంట్లో కూకుని సూత్తా ఉంటాను. అంతే." మెడలో తాడు మీద చెయ్యి వేసి మళ్ళీ అంది. "బడి షెడ్డులో ముత్యాలు ఉంది గదా."

ముత్యాలు, ఆమె భర్త, నలుగురు పిల్లలు ఉప్పెన తర్వాత పక్క ఊరి నుంచి వచ్చారు. ఇల్లు దక్కక మూడేళ్ళుగా బడి వెనక షెడ్డులో ఉన్నారు. ఆమె పొయ్యి పొగ ఎప్పుడు చూసినా వస్తూనే ఉంటుంది.

అమ్మ మెడలో తాడు తీసి తాళంచెవి నా చేతిలో పెట్టింది. "నువ్వే ఇచ్చిరా. నేనిత్తే ఏడుత్తాను, ఆ పిల్ల తీసుకోదు."

ఇల్లు మార్చి రాయాలంటే తమ్ముడి పేరు, మరదలి పేరు, పిల్ల పేరు తప్పిపోయినవాళ్ళ జాబితాలోంచి తీసి చనిపోయినవాళ్ళ పుస్తకంలో ఎక్కించాలి. బుల్లబ్బాయి గారు, "పేర్ల సంగతి తర్వాత సూసుకుందాం, ముందు పొయ్యెలిగించమనండి" అన్నారు. నియమం కాదు, అయినా అన్నారు.

నమోదు 460. పరీక్షకు 13 రోజులు.

నలభై ఒకటి లోపలి గోడ చెమర్చింది. చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. ముత్యాలు పిల్లలు ఆ గోడకు వీపులు ఆనించి కూర్చుని అన్నం తింటున్నారు. అక్కడ నాకు నిలబడబుద్ధి కాలేదు, వచ్చేయబుద్ధీ కాలేదు. అమ్మ రోజూ ఆ ఇంటి ముందు నుంచి నడిచి వెళ్తోంది. తల తిప్పట్లేదు.

నమోదు 475. పరీక్ష మూడో రోజు.

రోజుకు ఇరవై ఎనిమిది ఇళ్ళు, నంబర్ల ప్రకారం కాదు, చీటీలు తీసిన వరసలో. మొదటి రోజు ఐదు చిట్లాయి, రెండో రోజు నాలుగు. ఈ రోజు పొద్దున్నే పదహారో ఇల్లు చిట్లింది. సింహాద్రమ్మ పిన్ని గుమ్మం నుంచి నీళ్ళు పొంగి వీధిలోకి వచ్చాయి. ఆమె మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, "పది. ఇంక ఒక్కటీ పోకూడదు" అంది. ఆమె ఇల్లు మళ్ళీ పెంచుతాం, ఊరు ఉంటే.

నలభై ఒకటి చివరి వరసలో పడింది. సంచి ఆనించాక ఆ ఇంట్లోవాళ్ళు తలుపు వేసుకుని లోపలే ఉండాలని నియమం. ముత్యాలు నలుగురు పిల్లలతో లోపల ఉంది. నాలుగో గంటలో గడప పలక పక్కన చెమ్మ కనిపించింది. ఫర్జానా గారు అరచెయ్యి పెట్టి, గడియారం చూస్తూ ఉండిపోయారు. బుల్లబ్బాయి గారు నా భుజం పట్టుకున్నారు, పడిపోకుండా నన్ను పట్టుకున్నారో, నన్ను పట్టుకుని ఆయన నిలబడ్డారో తెలియదు.

ఆరో గంటకు సంచి తీశారు. గోడ నిలిచింది. చిట్లినవి పది.

ఊరు ఉంటుంది. అందరి ముందూ ఏడ్చాను, సిగ్గేమీ పడలేదు.

నమోదు 476.

నలభై ఇళ్ళకు గంజి పోశాను. పదహారో ఇంటికి కొత్త అచ్చు కొలతలు తీసుకున్నాను.

మధ్యాహ్నం అమ్మ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "సచ్చినోళ్ళ పుస్తకం తియ్యి" అంది. అది కమిటీ ఆఫీసులో ఉంది, రేపు వెళ్దాం అన్నాను.

"ఇందులో రాసుకో. తరవాత అందులోకి ఎక్కించు. రేపటికి నాకు నోరు రాదు."

అమ్మ చెప్పింది, నేను రాశాను. లోవరాజు, ముప్పై నాలుగు. శిరీష, ఇరవై తొమ్మిది. హంసిక దగ్గర అమ్మ వేళ్ళు ముడుచుకుంటూ లెక్కపెట్టి, తొమ్మిది అంది. తొమ్మిది అని రాశాను.

అమ్మకు చదువు రాదు. అయినా కాగితం వైపు వంగి చూసింది.

"ఎంతని రాసేవు?"

"తొమ్మిది."

"కొట్టెయ్యి. ఆరు." కొంగుతో మూతి తుడుచుకుంది. "అది తొమ్మిదికి రాలేదు గదే. ఆరని రాయి."

కొట్టేసి, ఆరు అని రాశాను.